పరిశ్రమల పక్కన కూరగాయల సాగు: సీసం, కాడ్మియం ఏ దారిన వస్తున్నాయో పట్టుకోవడం, ఆపడం

పాలకూర కట్ట నిగనిగలాడుతుంటే అందులో సీసం లేదని కాదు, ఆకు పసుపు బారితే ఉందనీ కాదు. రాగి, జింకు, నికెల్ మోతాదు మించితే ముందు మొక్కే దెబ్బతింటుంది. పంట ఎదగదు కాబట్టి అవి కంచం దాకా వచ్చేది తక్కువ. కాడ్మియం అలా కాదు. మనిషి మూత్రపిండాలకు చేటు చేసేంత ఆకులో చేరినా మొక్క ఏమీ ఎరగనట్టు ఏపుగా పెరుగుతుంది. సీసానిది మరో తీరు. వేరును దాటి పైకి ఎక్కేది కొంచెమే గాని, దుమ్ముగానో మట్టిగానో ఆకును పట్టుకుని వంటింట్లోకి వస్తుంది. ఈ తేడా తెలియకపోతే ఉప్పునీళ్లలో నానబెట్టడం, సున్నం చల్లడం, పొద్దుతిరుగుడు వేయడం అన్నీ గుడ్డి వైద్యాలే.

లోహం వచ్చే దారులు మూడు: గాలి, నీరు, ఇదివరకే నేలలో పేరుకున్న నిల్వ. ముందు దారి తేల్చుకోవాలి, మందు ఆ తర్వాత.

1. చుట్టూ ఏమున్నాయో రాసుకోండి

ఒక కాగితం మీద మీ చేను గీసి, కిలోమీటరు రెండు కిలోమీటర్ల చుట్టుపక్కల ఉన్న యూనిట్లు, వాగులు, పెద్ద రోడ్లు, చెత్త తగలబెట్టే చోట్లు గుర్తు పెట్టండి. పాత బ్యాటరీలు కరిగించే బట్టీ ఉంటే సీసం. ఎలక్ట్రోప్లేటింగ్ షెడ్లుంటే క్రోమియం, నికెల్, జింకు, కొన్నిచోట్ల కాడ్మియం. తోళ్ల శుద్ధి అయితే క్రోమియం. జింకు కరిగించే కర్మాగారం పక్కన కాడ్మియం, సీసం రెండూ ఉంటాయి, ఎందుకంటే జింకు ఖనిజంలో అవి కలిసే వస్తాయి. హైదరాబాద్ కాటేదాన్ నేలల్లో సీసం, జింకు వంటివి మితిమీరి ఉన్నట్టు జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ (ఎన్‌జీఆర్‌ఐ) పరిశోధనలు చూపాయి. పటాన్‌చెరు భూగర్భజలాల్లో ఆర్సెనిక్ బయటపడింది.

వాగు నురగలు కక్కుతోందంటే లోహాలున్నాయని వెంటనే అనుకోవద్దు. మందుల కంపెనీల వ్యర్థజలంలో ఎక్కువగా ఉండేవి లవణాలు, ద్రావకాలు. అయినా ఆ ఉప్పును తేలిగ్గా తీసుకోకండి. అందులోని క్లోరైడ్ నేలలో కాడ్మియంతో జతకట్టి దాన్ని వేరుకు అందేలా చేస్తుంది. అంటే నేలలో కాడ్మియం పెరగకపోయినా పంటలో పెరగొచ్చు.

గాలి ఏ కాలంలో ఎటు వీస్తుందో కూడా రాసుకోండి. నైరుతి రుతుపవనాలప్పుడు పడమటి గాలి, చలికాలంలో ఈశాన్యపు గాలి. బట్టీకి తూర్పున ఉన్న మడి, పడమరన ఉన్న మడి ఒకటి కావు.

2. మట్టి నమూనా

ఎకరం విస్తీర్ణానికి వంకరటింకరగా నడుస్తూ 10 నుంచి 15 చోట్ల తీయండి. గట్టు, పెంటకుప్ప, బోరు చుట్టుపక్కల, రోడ్డంచు వదిలేయండి. రోడ్డంచు నమూనా కావాలంటే వేరుగా తీసుకోండి.

మామూలు భూసార పరీక్షకు 15 సెంటీమీటర్ల లోతు చాలు. ఇక్కడ ప్రతి చోటా రెండు తీయాలి: పై 5 సెంటీమీటర్లు ఒకటి, 5 నుంచి 20 సెంటీమీటర్ల పొర ఇంకొకటి. దున్నని నేలలో పైపొర సీసం కిందిపొర కంటే రెండు మూడు రెట్లుంటే అది గాలిలో వచ్చిందే. రెండూ సమానంగా ఉంటే ఏళ్ల తరబడి నీటితో పారి దుక్కిలో కలిసిపోయి ఉండాలి, లేదా ఆ నేల స్వభావమే అంత అయి ఉండాలి. ఆ సంగతి తేలాలంటే అదే రకం నేల ఉండి, గాలికి ఎగువన, ఆ నీరు పారని చోటి నుంచి పోలికకు ఒక నమూనా తప్పనిసరి. చాలామంది దీన్ని వదిలేస్తారు, తర్వాత రిపోర్టు చేతికొచ్చాక తల పట్టుకుంటారు.

పనిముట్లు: స్టెయిన్‌లెస్ స్టీలు తాపీ, ప్లాస్టిక్ బకెట్. జీఐ (జింకు పూత ఇనుప) బకెట్ వాడితే దాని జింకు పూత మీ మట్టిలో చేరుతుంది. నమూనా తీసే మనిషి బీడీ, చుట్ట పక్కన పెట్టాలి. పొగాకు ఆకు కాడ్మియాన్ని బాగా దాచుకునే రకం, ఆ బూడిద రాలితే లెక్క తప్పుతుంది. ఒక్కో లోతు మట్టిని విడివిడిగా కలిపి, నాలుగు భాగాలు చేసి ఎదురెదురు రెండు భాగాలు పారేస్తూ అరకిలోకు తగ్గించండి. నీడలో తెల్ల కాగితం మీద ఆరబెట్టండి. అచ్చు కాగితం వద్దు.

3. నీటి నమూనా

ల్యాబ్ ఇచ్చిన ప్లాస్టిక్ సీసాలో నైట్రిక్ ఆమ్లం ముందే పోసి ఉంటే కడగకండి, పొంగి పొర్లేలా నింపకండి. ఆమ్లం లేని సీసా అయితే నీళ్లు పట్టిన రోజే ల్యాబుకు చేర్చి, ఆమ్లం కలిపించి పీహెచ్ (ఆమ్ల, క్షార గుణం చెప్పే అంకె) 2 కంటే తక్కువకు తెప్పించాలి. లేకపోతే లోహం సీసా గోడలకు అంటుకుపోయి రిపోర్టులో తక్కువ కనిపిస్తుంది. బోరు నీళ్లయితే పది నిమిషాలు పారనిచ్చి పట్టండి. వాగు నీళ్లయితే ఒక్కసారితో సరిపెట్టకండి. వ్యర్థజలం వదిలేది చాలాచోట్ల రాత్రిపూట, వాన పడే వేళ. తెల్లవారుజామున, మధ్యాహ్నం, వాన మొదలైన గంటలో ఒక్కోటి పట్టి, మూడూ కలపకుండా విడిగా ఇవ్వండి.

4. కూర నమూనా: కడిగింది ఒకటి, కడగనిది ఒకటి

మొత్తం పనిలో ఎక్కువ సంగతులు చెప్పేది ఇదే. వాన పడి నాలుగైదు రోజులు గడిచాక, కోతకొచ్చిన పాలకూరో తోటకూరో 10, 12 చోట్ల నుంచి కిలో కోయండి. రెండు సగాలు చేయండి. ఒక సగం అలాగే సంచిలో పెట్టండి. రెండోది ఇంట్లో ఎలా కడుగుతారో అలాగే కడిగి, నీరు ఓడ్చి మరో సంచిలో పెట్టండి. రెండిటికీ సీసం, కాడ్మియంతో పాటు ఇనుము కూడా చూడమనండి.

కడిగాక సీసం సగానికి పైగా తగ్గితే అది దుమ్ము, మట్టి. కాడ్మియం తగ్గకపోతే అది వేరు గుండా వచ్చి ఆకు లోపల ఉన్నది, ఎన్నిసార్లు కడిగినా పోదు. ఇనుము ఎందుకంటే, మట్టిలో ఇనుము మొక్కలో కంటే ఎన్నో రెట్లు ఎక్కువ. కడగని ఆకులో ఇనుము అమాంతం పెరిగి ఉంటే దానికి మట్టి అంటుకుందని తేలిపోతుంది.

ఆ మట్టి ఎంత ఉంటే చేటో ఒకసారి లెక్కేద్దాం. నేలలో కిలోకు 300 మిల్లీగ్రాముల సీసం ఉందనుకోండి. అంటే గ్రాము మట్టిలో 0.3 మిల్లీగ్రాములు. కిలో పాలకూరకు ఆ ఒక్క గ్రాము, మూడు వేళ్లతో తీసిన చిటికెడు, అంటుకున్నా ఆకుకూరలకు అంతర్జాతీయ ఆహార ప్రమాణాల సంఘం కోడెక్స్ పెట్టిన పరిమితి కిలోకు 0.3 మిల్లీగ్రాములు అక్కడికే నిండిపోయింది. వేరు ఇంకా ఏమీ పీల్చనే లేదు.

5. ల్యాబుకు ఇచ్చే ముందు అడగవలసినవి

భూసార ఆరోగ్య కార్డు ఉందిగా అని ధీమాగా ఉండకండి. అందులో చూసే 12 అంశాల్లో జింకు, రాగి ఉన్నా సీసం, కాడ్మియం లేవు. ఎన్‌ఏబీఎల్ (ల్యాబులకు గుర్తింపునిచ్చే జాతీయ మండలి) గుర్తింపు ఉన్న ల్యాబుకు వెళ్లి, ఆ గుర్తింపు మీకు కావలసిన లోహానికీ, మీరిచ్చే పదార్థానికీ వర్తిస్తుందో లేదో చూడండి. నీటికి గుర్తింపు ఉన్న ల్యాబుకు కూరగాయలకు ఉండకపోవచ్చు.

తర్వాత కనీస కొలత ఎంతో అడగండి. కాడ్మియాన్ని కిలోకు 0.5 మిల్లీగ్రాముల కంటే కింద కొలవలేని ల్యాబ్ ‘బీడీఎల్’ (కొలతకు అందనంత తక్కువ) అని రాసిస్తే, ఆకుకూరల పరిమితి 0.2 కాబట్టి ఆ మాటకు విలువ లేదు. పరిమితిలో పదో వంతు దాకా కొలవగలిగితే మంచిది. చేతి ఎక్స్‌ఆర్‌ఎఫ్ గన్ (ఎక్స్ కిరణాలతో అక్కడికక్కడే లోహాన్ని కొలిచే పరికరం) మట్టిలో సీసానికి పనికొస్తుంది. కిలోకు ఒకటి, రెండు మిల్లీగ్రాముల కాడ్మియాన్ని అది నమ్మకంగా పట్టలేదు.

మట్టికి మొత్తం లోహం, మొక్కకు అందే లోహం (డీటీపీఏ పరీక్ష), పీహెచ్, సేంద్రియ కర్బనం నాలుగూ చేయించండి. కూరకు ఫలితం పచ్చి బరువు మీద కావాలని రాతపూర్వకంగా అడగండి.

6. రిపోర్టు చదవడం

ఎక్కువమంది బోల్తా పడేది పచ్చి బరువు, ఎండు బరువు దగ్గర. పాలకూరలో నూటికి 90 వంతులు నీరే. ఎండు బరువు మీద కాడ్మియం కిలోకు 4 మిల్లీగ్రాములని వస్తే పచ్చి ఆకులో అది 0.4. పరిమితికి రెట్టింపే గాని ఇరవై రెట్లు కాదు. ఎండు అంకెను పచ్చి పరిమితితో పోల్చి ఊరంతా హడలగొట్టేవాళ్లున్నారు. అటు పచ్చి అంకెను మళ్లీ పదితో భాగించి ఏమీ లేదు పొమ్మనేవాళ్లూ ఉన్నారు.

కోడెక్స్ పరిమితులు, పచ్చి కూర కిలోకు మిల్లీగ్రాముల్లో: ఆకుకూరలకు సీసం 0.3, కాడ్మియం 0.2. దుంపకూరలకు రెండూ 0.1. కాయకూరలకు రెండూ 0.05.

సాగునీటికి ఐరాస ఆహార, వ్యవసాయ సంస్థ (ఎఫ్‌ఏఓ) సూచించిన హద్దులు, లీటరుకు మిల్లీగ్రాముల్లో: కాడ్మియం 0.01, క్రోమియం 0.1, ఆర్సెనిక్ 0.1, నికెల్ 0.2, రాగి 0.2, జింకు 2, సీసం 5. సీసం హద్దు పెద్దదిగా ఉంది కదా అని ఆ నీటితో ఆకుకూర కడిగేరు. ఆ అంకె మొక్క ఎదుగుదలను చూసి పెట్టింది, తాగడానికీ కడగడానికీ కాదు. హద్దులో ఉన్న నీరు కూడా ఊరికే పోదు. ఏడాదికి ఎకరానికి 4,000 ఘనమీటర్లు పారిస్తే లీటరుకు 0.01 చొప్పున 40 గ్రాముల కాడ్మియం దిగుతుంది. ఎకరం నేల పై 15 సెంటీమీటర్ల పొర బరువు సుమారు 9 లక్షల కిలోలు. కాబట్టి ఇరవై ఏళ్లలో కిలో మట్టికి 0.9 మిల్లీగ్రాములు చేరుతుంది.

మట్టికి ఒకే గీత గీయడం కష్టం. ఐరోపా సంఘం 1986 నిబంధనలో, కిలో మట్టికి మిల్లీగ్రాముల్లో, కాడ్మియం 1 నుంచి 3, సీసం 50 నుంచి 300. మన దేశపు వ్యాసాల్లో తరచూ కనిపించేవి కాడ్మియం 3 నుంచి 6, సీసం 250 నుంచి 500. మా ఆచరణ గీత ఇది: సీసం 100 లోపుంటే ఏదైనా వేయండి, 100 నుంచి 300 అయితే కాయకూరలే, 300 దాటితే ఆ నేలలో నేరుగా తిండి పంట వద్దు. కాడ్మియం 1 దాటితే ఆకుకూరలు మానండి, 3 దాటితే తిండి పంటే మానండి. పీహెచ్ 5.5 ఉన్న ఎర్ర ఇసుక నేలలో కాడ్మియం 1 ఉన్నా ఆకులో పరిమితి దాటొచ్చు, పీహెచ్ 8 ఉన్న సున్నపు నల్లరేగడిలో 2 ఉన్నా దాటకపోవచ్చు. కాబట్టి చివరి మాట కూర రిపోర్టుదే.

7. పంట మార్చడం: చవకైన, తొందరగా ఫలించే పని

కాడ్మియాన్ని ఎక్కువగా ఎక్కించుకునేవి పాలకూర, తోటకూర, చుక్కకూర, కొత్తిమీర, లెట్యూస్. ముల్లంగి, క్యారెట్, చామ మధ్యస్థం. వాటిలో సీసం తొక్కకు పట్టి ఉంటుంది. తక్కువగా తీసుకునేవి సొర, బీర, దోస, చిక్కుడు, గోరుచిక్కుడు, మొక్కజొన్న. పందిరి పంటలకు ఇంకో లాభం, కాయ నేలకు ఆనదు, మట్టి చిందదు. వంగ కాయకూరే అయినా కాడ్మియం విషయంలో కాస్త ఆశపోతు. దాన్ని ఉస్తి మొక్క వేరు మీద అంటుకడితే కాయలో కాడ్మియం బాగా తగ్గుతుందని జపాన్ పరిశోధకులు చూపారు.

తిండి పంటే వద్దన్న నేలలో బంతి, చామంతి, మల్లె వేయొచ్చు. దసరా, బతుకమ్మ రోజుల్లో హైదరాబాద్ మార్కెట్లో బంతికి గిరాకీ చెప్పక్కర్లేదు. పశువుల గడ్డి మాత్రం తిండి కాదనుకోకండి. మూసీ దిగువన పీర్జాదిగూడ, ప్రతాపసింగారం వైపు మురుగునీటితో పెరిగే గడ్డి పాడి పశువులకే పోతుంది. పశువు గడ్డితో పాటు మట్టినీ మింగుతుంది.

8. నేలకు చేసే వైద్యం

నేలలోంచి లోహాన్ని తీసేయడం కాదు, మొక్కకు అందకుండా కట్టడి చేయడమే ఇక్కడ పని.

పీహెచ్ 6 కంటే తక్కువుంటే సున్నం వేసి 6.5 నుంచి 7కు తేవాలి. మోతాదు బఫర్ పరీక్షతోనే (నేలకు ఎంత సున్నం కావాలో చెప్పే ల్యాబ్ పరీక్ష) తేలుతుంది. ఇసుక నేలకు ఎకరాకు అర టన్ను నుంచి టన్ను వ్యవసాయ సున్నం సరిపోవచ్చు, బంకనేలకు దానికి రెట్టింపు పట్టొచ్చు. పంటకు నెలా రెండు నెలల ముందే వేసి 15 సెంటీమీటర్ల లోతు కలియదున్ని తడి ఇవ్వండి. మూడు నెలలకు పీహెచ్ మళ్లీ చూడండి. పీహెచ్ ఇప్పటికే 7.5 దాటిన రేగడికి సున్నం డబ్బు దండగ. ఆర్సెనిక్ ఉన్న నేలలో సున్నమూ భాస్వరమూ రెండూ ఎదురు తిరుగుతాయి, మట్టిని పట్టుకుని ఉన్న ఆర్సెనిక్‌ను వదిలిస్తాయి.

బాగా మాగిన పశువుల ఎరువు ఎకరాకు 8 నుంచి 10 టన్నులు ఏటా వేస్తే మేలు. నగర చెత్త కంపోస్టు అయితే పరీక్ష చూపించమనండి. ఎరువుల నియంత్రణ ఉత్తర్వు ప్రకారం అందులో కిలోకు సీసం 100, కాడ్మియం 5 మిల్లీగ్రాములు మించకూడదు. కాడ్మియం 5 ఉన్న కంపోస్టు చట్టానికి సరే గాని, కాడ్మియంతో సతమతమయ్యే నేలకు అది మందు కాదు.

పొటాష్‌కు ఎంఓపీ (పొటాషియం క్లోరైడ్) బదులు ఎస్‌ఓపీ (పొటాషియం సల్ఫేట్) వాడండి. కారణం పైన చెప్పిన క్లోరైడే. జింకు లోపం ఉన్న నేలలో మొక్క జింకు కోసం వెతుక్కుంటూ కాడ్మియాన్ని లాగేస్తుంది. లోపం ఉందని పరీక్షలో తేలితే ఎకరాకు 20 కిలోల జింకు సల్ఫేట్ వేయండి. జింకు ఇప్పటికే ఎక్కువున్న చోట వద్దు. మొక్కల మధ్య 5 నుంచి 8 సెంటీమీటర్ల మందాన వరిగడ్డి పరిస్తే వాన చినుకులకు మట్టి ఆకుల మీదికి ఎగరదు. అనుమానపు నీటిని స్ప్రింక్లర్‌తో ఆకుల మీద కొట్టకండి, డ్రిప్‌తో మొదట్లోనే ఇవ్వండి.

ఇక పొద్దుతిరుగుడు, ఆవాలు వేస్తే నేల శుభ్రమవుతుందన్న ప్రచారం. పైన చెప్పిన 9 లక్షల కిలోల మట్టిలో కిలోకు 300 మిల్లీగ్రాముల చొప్పున సీసం 270 కిలోలు. దాన్ని 100కు దించాలంటే 180 కిలోలు బయటికి తీయాలి. ఎకరాకు 5 టన్నుల ఎండు పైరు వచ్చి, అందులో కిలోకు 100 మిల్లీగ్రాముల సీసం చేరినా (అంత చేరడమే గొప్ప) ఒక పంటకు పోయేది అరకిలో. ఏడాదికి రెండు పంటలేసినా 180 ఏళ్లు. పైగా కోసిన ఆ పైరును పశువులకు వేయకూడదు, పొయ్యిలో పెట్టకూడదు.

చిన్న పెరడైతే ఎత్తు మడి కట్టడమే మేలు. అడుగున నేసిన జియోటెక్స్‌టైల్ (నీరు దిగే గట్టి సింథటిక్ బట్ట) పరిచి, పరీక్షించిన మట్టి 30 నుంచి 45 సెంటీమీటర్లు పోయండి. అంచులకు పాత రంగేసిన చెక్కలు వద్దు. ఇళ్లకు వేసే రంగుల్లో సీసానికి 90 పీపీఎం (కిలోకు 90 మిల్లీగ్రాములు) హద్దు పెట్టింది 2016 నిబంధనలు, అంతకు ముందు రంగుల సంగతి మనం చెప్పలేం. గాలి దారి మూసుకోకపోతే కొత్త మట్టి పైపొర కూడా మెల్లగా పాడవుతుంది. ఏటా పై 5 సెంటీమీటర్లు పరీక్షించండి.

9. వంటింట్లో

వేళ్లు, మొదటి రెండు మూడు సెంటీమీటర్ల కాడ కోసేయండి, మట్టి దాక్కునేది అక్కడే. ఆకులు విడదీసి, అరకిలోకు ఐదు లీటర్ల నీళ్లు పోసిన వెడల్పు గిన్నెలో అర నిమిషం కలియతిప్పి రెండు నిమిషాలు ఆగండి. మట్టి అడుక్కి చేరుతుంది. అప్పుడు ఆకులను పైకి ఎత్తి తీయాలి. చాలా ఇళ్లలో గిన్నె వంచి జల్లెడలో పోస్తారు, దాంతో అడుగు మట్టి మళ్లీ ఆకుల మీదే పడుతుంది. అడుగున ఇసుక కనపడనంత వరకు, మూడుసార్లయినా, నీళ్లు మార్చి కడగండి. తరిగేది కడిగాకే. ముల్లంగి, క్యారెట్ తొక్క తీయండి. కడిగితే పోయేది దుమ్ములోని సీసమే, కాడ్మియానికి మార్గం తక్కువ తినడం, వేరే చోటి కూర తినడం.

ఎంత తక్కువ? అంతర్జాతీయ నిపుణుల సంఘం జెక్ఫా 2010లో కాడ్మియానికి నెలకు శరీర బరువు కిలోకు 25 మైక్రోగ్రాముల హద్దు పెట్టింది. 60 కిలోల మనిషికి రోజుకు 50. కిలోకు 1 మిల్లీగ్రాము ఉన్న పాలకూర రోజూ 50 గ్రాములు తింటే ఆ వాటా కూరతోనే అయిపోయింది, అన్నం వాటా ఇంకా కలపలేదు. సీసానికి జెక్ఫా ఉన్న హద్దునే అదే ఏడాది తీసేసింది, సురక్షితమైన మోతాదంటూ చూపలేక. ఒంట్లో ఇనుము తక్కువున్న వాళ్లు ఈ రెండు లోహాలనూ ఎక్కువగా గ్రహిస్తారు. రక్తహీనత ఉన్న ఆడవాళ్లకు, పిల్లలకు ముందు దాని మందు ఇప్పించండి. పిల్లలకు రక్తంలో సీసం పరీక్ష చేయించి డెసిలీటరుకు 5 మైక్రోగ్రాములు గానీ అంతకు మించి గానీ వస్తే, ఆ సీసం ఎక్కడినుంచి వస్తోందో వెతికి ఆపమని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021 మార్గదర్శకం.

10. ఫిర్యాదు చేయాల్సి వస్తే

నమూనా తీసిన తేదీ, వేళ, చోటు, ఫొటో, సాక్షుల సంతకాలు ఉంటేనే రిపోర్టుకు బలం. కాలుష్య నియంత్రణ మండలికి రాతపూర్వకంగా ఇచ్చి రసీదు తీసుకోండి, వాళ్లచేత అదే చోట నమూనా తీయించండి. పంట నష్టపరిహారానికి జాతీయ హరిత ట్రైబ్యునల్ చెన్నై బెంచికి వెళ్లొచ్చు, గడువు అయిదేళ్లు. కొనేవాళ్లయితే ఆహార భద్రతా చట్టం 40వ సెక్షన్ కింద రుసుం కట్టి కూరను ఫుడ్ అనలిస్టుతో పరీక్ష చేయించుకోవచ్చు. ఆ చట్టం కూరగాయలను ‘ఆహారం’గా లెక్కించేది రైతు చేయి దాటాకే. పరిమితి మించితే చిక్కు వ్యాపారికి. అందుకే పెద్ద దుకాణాలవాళ్లు తోట రిపోర్టు అడుగుతున్నప్పుడు కడిగిన, కడగని రెండు కాగితాలూ చేతిలో ఉంచుకోండి, పచ్చి బరువు మీద.